సోషియాలజీ వల్ల ఉపయోగం ఉందా? టు-లెట్ బోర్డు నుంచి బాలాపూర్ లడ్డూ దాకా

మిగతావాళ్లకు తెలియడం కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు బీటెక్ చేసి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నారు. మూడో పేపర్‌లో భారతీయ సమాజం భాగం మొదలుపెట్టాక కుటుంబం, కులం, వివాహం, మతం అంటూ నిర్వచనాలు, రకాలు, లక్షణాలు తప్ప మీకేమీ కనబడలేదు. "ఇదంతా అందరికీ తెలిసిందే కదా, కష్టమైన మాటల్లో చెబుతున్నారు. ఇప్పటి ఆఫీసులు, కాలేజీలు, అపార్ట్‌మెంట్లు, ఆన్‌లైన్ అయిపోయిన ప్రభుత్వం, వీటిని అర్థం చేసుకోవడానికి సోషియాలజీ నిజంగా పనికొస్తుందా?" అని అడిగారు.

నేను నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. మధ్యమధ్య సర్వే పనులకు, సర్వే చేసే కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి వెళుతుంటాను. మీలాంటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు వేస్తారు. వెయ్యని బ్యాచ్ వస్తేనే నాకు టెన్షన్.

సూటిగా చెప్పాలంటే, పనికొస్తుంది. కానీ మీరు చదువుతున్న పద్ధతిలో చదివితే పనికిరాదు. ఏదైనా వ్యవహారం అడ్డం తిరిగితే మనం వెంటనే "తప్పెవరిది?" అంటాం. సోషియాలజీ అడిగే ప్రశ్న వేరు: ఈ ఏర్పాటులో ఇరుక్కున్న మనిషికి అలా చేయడమే తెలివైన పనిగా ఎందుకు తోచింది? అందరూ తమకు తోచిన తెలివైన పనే చేస్తే చివరికి ఎవరూ కోరుకోనిది ఎలా తయారైంది? ఈ రెండు ప్రశ్నలూ పట్టుబడితే నిర్వచనాలు వాటంతటవే గుర్తుంటాయి.

2024 జనవరి 2 గుర్తుందా? హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్ష పెంచారని ట్రక్కు డ్రైవర్లు సమ్మెకు దిగారు, ట్యాంకర్లు రావట అని ఫోన్లలో మెసేజ్‌లు తిరిగాయి. మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ఏ బంకు ముందు చూసినా రోడ్డెక్కిన క్యూ. సాయంత్రానికి చాలా చోట్ల 'నో స్టాక్' బోర్డులు. ఒక డెలివరీ కుర్రాడు గుర్రం మీద వెళ్లి ఆర్డర్ ఇచ్చిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ క్యూలో నిలబడ్డ ఏ ఒక్కరినీ తెలివితక్కువవాడు అనలేం. రేపు దొరకదేమో అనుకున్నప్పుడు ఇవాళే ట్యాంకు నింపుకోవడం సబబే. అలా లక్షల మంది సబబుగా ప్రవర్తించారు కాబట్టే పెట్రోల్ అయిపోయింది. అమెరికన్ సోషియాలజిస్టు రాబర్ట్ మెర్టన్ 1948లో దీని గురించే రాశాడు. బాగానే నడుస్తున్న బ్యాంకు మునిగిపోతుందని పుకారు పుడితే, జనం ఎగబడి డబ్బు తీసుకోవడంతో అది నిజంగానే మునుగుతుంది. నమ్మకం తనను తానే నిజం చేసుకుంటుంది. ఫలానా వైపు మెట్రో వస్తుందట అన్న ఒక్క మాటతో ప్లాట్ల రేట్లు ఎందుకు లేస్తాయో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది.

"ఇది తెలిసిందే కదా" అంటారేమో. తెలిసిందే అనిపించే వాటితోనే చిక్కు. 'నిదానమే ప్రధానం' మనదే, 'ఆలస్యం అమృతం విషం' కూడా మనదే. జరిగిపోయాక ఏది సరిపోతే ఆ సామెత తీసి వాడుకుంటాం. ఏది ఎప్పుడు, ఎవరి విషయంలో నిజమో తేల్చాలంటే వెళ్లి చూడాలి, లెక్కపెట్టాలి.

ఇప్పుడు మీకు రోజూ తగిలే వాటికి వస్తాను.

అద్దె ఇల్లు. "నగరంలో కులం ఎవరు పట్టించుకుంటారండీ" అనేది నేను అందరికంటే ఎక్కువగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దగ్గరే విన్నాను. అదే మనిషిని ఇల్లు వెతుక్కున్న రోజుల గురించి అడగండి. 'ఓన్లీ ఫ్యామిలీస్', 'ఓన్లీ వెజిటేరియన్స్' బోర్డులు. ఫోన్ చేస్తే "ఎక్కడ పని చేస్తారు, ఏ ఊరు, ఇంటి పేరేంటి", అదీ తేలకపోతే నేరుగా "మీరేవిట్లు?" నా స్టూడెంట్లతో ఎస్సార్ నగర్ నుంచి కూకట్‌పల్లి వరకు ఇంటి ఓనర్లను, అద్దెకున్నవాళ్లను కలిసి మాట్లాడించే పని ఒకసారి పెట్టుకున్నాం. మూసాపేట వైపు ఒక పెద్దావిడ, భర్త లేరు, పై పోర్షన్ అద్దె మీదే బతుకుతున్నారు. ఆమె చెప్పింది ఇది: "అద్దె ఎగ్గొడితే నేను కోర్టుకు పోగలనా నాయనా? మా ఊరివాళ్లు, మావాళ్లు అయితే వాళ్ల పెద్దవాళ్లకు ఫోన్ చేసి అడిగిస్తా."

ఆ మాటలో పెద్ద సమాచారం ఉంది. అద్దె వివాదం త్వరగా తేల్చే వ్యవస్థ ఆమెకు అందుబాటులో లేదు. ముక్కూమొహం తెలియని మనిషి నమ్మదగినవాడా కాదా అని చెప్పే ఏర్పాటు కూడా లేదు. ఆ ఖాళీలో కులం, ఊరు జామీనుదారు పని చేస్తున్నాయి. పాత వ్యవస్థలు కొత్త నగరంలో మిగిలిపోయింది అలవాటు వల్ల మాత్రమే కాదు, వాటికి ఇక్కడ కొత్త ఉద్యోగం దొరికింది కాబట్టి.

అయితే ఇక్కడితో ఆగితే మనం ఆమె తరఫు వకీలు అయిపోతాం. కారణం నిజంగా నమ్మకం కొరతే అయితే, కంపెనీయే అద్దెకు హామీ ఇచ్చినప్పుడు అడ్డు తొలగిపోవాలి. మా కుర్రాళ్లు దాని గురించి కూడా అడిగారు. కంపెనీ లీజు ఉన్నా "వద్దులే బాబూ, మా ఇంట్లో పూజలు అవీ ఉంటాయి" అన్న ఓనర్లు తగిలారు. అంటే డబ్బు భయం కొంత, అంటు భావన కొంత. రెండూ ఒకే బోర్డు వెనుక దాక్కుని ఉంటాయి. ఏది ఎంత అని విడదీయడానికి ఇలాంటి ప్రశ్నలు కావాలి. 'కులం అనగానేమి' అన్న ప్రశ్నతో ఇది తేలదు.

ఉద్యోగాల్లోనూ ఇదే పరీక్ష పెట్టినవాళ్లున్నారు. సుఖదేవ్ థొరాట్, పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన చూడండి. పేపర్లో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు నాలుగు వేల ఎనిమిది వందలకు పైగా దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం, పేరు మాత్రం వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడో వంతు. ఏ హెచ్‌ఆర్ మనిషిని అడిగినా "మేం మెరిట్ తప్ప ఏమీ చూడం" అంటారు. చాలామంది అది మనస్ఫూర్తిగానే అంటారు కూడా. ఒక్కొక్కరి మనసులో వెతికితే కనబడనిది లెక్కలో కనబడింది.

మీ రంగం మాటే తీసుకోండి. షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి మన ఐటీ కార్మికుల మీద పని చేశాడు, 2007లో పుస్తకంగా వచ్చింది. కోస్తా జిల్లాల వ్యవసాయ మిగులు, కట్నం, అమీర్‌పేట కోర్సు ఫీజు, కన్సల్టెన్సీ, వీసా, ఇవన్నీ ఒకే గొలుసు అని ఆయన చూపించాడు. మనకు రోజూ కనబడేవే. కానీ పెళ్లి పందిట్లో చేతులు మారిన డబ్బుకూ, విదేశంలో ఒక కంపెనీ తక్కువ ఖర్చుకు ప్రోగ్రామర్‌ను తెప్పించుకోగలగడానికీ సంబంధం ఉందని మనలో ఎంతమందికి తట్టింది? 'వివాహ వ్యవస్థ' ఒక చాప్టర్, 'ఆర్థిక వ్యవస్థ' ఇంకో చాప్టర్ అని పుస్తకంలో ఉంటుంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం దగ్గర నిలబడితే రెండూ ఒకే చాప్టర్.

పెళ్లి దగ్గర ఇంకో చిన్న మాట. అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో, కులాన్ని నిలబెట్టేది కులం లోపలే పెళ్లి చేసుకోవడం అన్నారు. భారత మానవాభివృద్ధి సర్వే 2011-12 ప్రకారం కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. ఇప్పుడు పెళ్లిళ్ల పేరయ్య స్థానంలో మ్యాట్రిమోనీ యాప్ వచ్చింది. పేరయ్య అయితే శాఖ కాస్త అటూ ఇటూ అయినా సర్దిచెప్పేవాడు. యాప్‌లో ఫిల్టర్‌కు ఆ మొహమాటం లేదు.

ఆన్‌లైన్ అయిన ప్రభుత్వం. జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ వందేళ్ల కిందటే అధికార యంత్రాంగాన్ని వర్ణించాడు. రాతపూర్వక నియమాలు, ఫైలు, పైనుంచి కిందికి అంచెలు, మొహం చూడకుండా అందరికీ ఒకే రూల్. అది గొప్ప సుగుణం, తహసీల్దారు గారి బంధువుకీ, మీకూ ఒకే క్యూ. అదే దాని ఇబ్బంది కూడా. రూల్‌లో పట్టని మనిషి అక్కడ మనిషిగా లెక్కకు రాడు.

తెలంగాణలో దీనికి చక్కని ఉదాహరణ మన కళ్లముందే జరిగింది. 2020 సెప్టెంబరులో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేశారు. అదే ఏడాది అక్టోబరు 29న భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది. వీఆర్వోల మీద లంచాల ఆరోపణలు ఊరూరా ఉన్నవే, కాబట్టి ఆ నిర్ణయానికి అప్పట్లో చప్పట్లు కొట్టినవాళ్లు చాలామంది. కానీ ఊళ్లో ఆ మనిషి దగ్గర లంచంతో పాటు ఇంకొకటి ఉండేది. ఎవరి పొలం ఏది, ఎవరికి రెండు పేర్లున్నాయి, ఏ అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు అన్న జ్ఞాపకం.

ఇబ్రహీంపట్నం వైపు ఒక సర్వేలో నేను కలిసిన రైతు పేరు పాత పాస్‌పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఊరంతటికీ ఆయన ఒక్కడే. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. ఆయన్ను మోసం చేసిన మనిషంటూ ఎవరూ లేరు, ఆపరేటర్ రూల్ ప్రకారమే "మిస్‌మ్యాచ్ వస్తుంది" అన్నాడు. మనిషి చేతిలో ఉన్న విచక్షణ మాయం కాదు, ఇంకో చోటికి మారుతుంది. ఇక్కడ అది ఊళ్లోంచి జిల్లా కేంద్రానికి పోయింది, దానితోపాటు రైతు బస్సు చార్జీలూ పోయాయి. తర్వాత 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, ఊరి స్థాయిలో మళ్లీ గ్రామ పాలనాధికారులను పెట్టారు. ఏ పార్టీది మంచి పోర్టల్ అన్న చర్చలోకి నేను పోను, అది ఇక్కడ చాలామంది చేస్తూనే ఉన్నారు. సోషియాలజీ చదివినవాడు రద్దుకు ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పదవిని తీసేస్తే, కాగితం మీద లేకుండా అది చేస్తున్న పనులు ఎవరు చేస్తారు?

కాలేజీలు. మన ఇంటర్ కాలేజీలన్నీ ఒకేలా ఎందుకుంటాయి? పెద్దవి సరే, సొంత పద్ధతిలో చదువు చెబుదామని మొదలుపెట్టిన చిన్నవాటికి కూడా నాలుగేళ్లు తిరిగేసరికి అవే స్పెషల్ బ్యాచ్‌లు, అవే వారం పరీక్షలు, అవే ఒకట్లూ రెండ్లూ ర్యాంకుల ఫ్లెక్సీలు. "వ్యాపారం, దురాశ" అని తేల్చేయడం తేలిక. నాకు తెలిసిన ఒక చిన్న కాలేజీ ప్రిన్సిపాల్ హాస్టల్ పెట్టకూడదని గట్టిగా అనుకున్న మనిషి. "అడ్మిషన్‌కు వచ్చిన పేరెంట్స్ మొదట అడిగేది సిలబస్ గురించి కాదు సార్. స్టడీ అవర్స్ ఎన్నింటి దాకా అంటారు. తొమ్మిదిన్నర అంటే పక్క కాలేజీలో పదకొండు దాకా ఉందట అంటారు" అన్నారాయన. రెండేళ్లకు హాస్టల్ వచ్చింది.

పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు 1983లో దీని మీద రాశారు. ఒకే రంగంలో ఉన్న సంస్థలు క్రమంగా ఒకదానిలా ఒకటి తయారవుతాయి, అలా మారడం వల్ల పని మెరుగైనా కాకపోయినా. అందుకు మూడు ఒత్తిళ్లు చెప్పారు. పైనుంచి రూల్స్, ప్రభుత్వాల బలవంతం. ఏది సరైనదో తెలియనప్పుడు గెలిచినవాడిని చూసి కాపీ కొట్టడం. ఆ వృత్తిలోని మనుషులంతా ఒకే చోట తయారై ఒకేలా ఆలోచించడం. ఇంటర్ కాలేజీల్లో మూడూ ఉన్నాయి. బోర్డు ఒకటే, ఎంట్రెన్స్ ఒకటే. మంచి చదువు అంటే ఏమిటో ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి ర్యాంకు వచ్చిన కాలేజీ ఏం చేస్తే అదే మంచి చదువు. లెక్చరర్లు ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి మారుతూ అవే మెటీరియల్స్ మోసుకెళతారు. ఇది తెలిస్తే 'ఒక్క కాలేజీని మూయిస్తే బాగుపడుతుంది' అన్న ఆశ పోతుంది. పిల్లవాడి మీద ఒత్తిడి అనేది ఒక కరస్పాండెంట్ దుర్మార్గం కంటే మొండిది అని తెలుస్తుంది.

కుటుంబం గురించి ఎక్కువ రాయను. 'ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయి' అని మీ నోట్స్‌లో తప్పకుండా ఉంటుంది. సర్వేలో మేం 'ఒకే పొయ్యి మీద తినేవాళ్లు' ఒక కుటుంబం అని రాసుకుంటాం. సిద్దిపేట దగ్గర ఒక పెద్దాయన్ను "ఇంట్లో ఎంతమంది?" అంటే "ఏడుగురం" అన్నాడు. పొయ్యి దగ్గర ఉన్నది ఇద్దరే. మిగతావాళ్లు హైదరాబాద్‌లో ప్రగతినగర్‌లో ఉన్నారు. బోరు వేయించింది వాళ్ల డబ్బే, మనవరాలి కాలేజీ తేల్చింది ఈయనే. ఐ.పి. దేశాయ్ గుజరాత్‌లోని మహువా పట్టణంలో చేసిన అధ్యయనం 1964లో వచ్చింది. వేరే కాపురం ఉన్నంత మాత్రాన కుటుంబం వేరైపోయినట్టు కాదని ఆయన అప్పుడే చెప్పారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెడితే హైదరాబాద్ సగం ఖాళీ అయినట్టు అనిపించింది, అంతమంది సొంతూళ్లకు పరుగెత్తారు. తమ ఇల్లు ఎక్కడుందని జనం అనుకుంటున్నారో ఆ ఒక్క రోజు బస్టాండ్లే చెప్పాయి.

ఇక నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ, హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో ఏటా వేలం వేసే వినాయకుడి లడ్డూ. 1994లో మొదటి వేలంలో అది పలికింది 450 రూపాయలు. మరుసటి ఏడాది 4,500. 2024లో 30 లక్షల ఒక వెయ్యి, 2025లో 35 లక్షలు. చదువుకున్నవాళ్లు దీన్ని చూసి రెండే మాటలంటారు, మూఢనమ్మకం అనో, భక్తి అనో. రెండింటిలో ఏదీ ఆ పెరుగుదలను వివరించలేదు. ముప్పై ఏళ్లలో భక్తి అన్ని వేల రెట్లు పెరిగిందనలేం కదా.

ఏం మారిందో చూడండి. మొదట్లో అది పొలాలున్న ఊరు. లడ్డూ ముక్కను చేలో చల్లితే పంట బాగా పండిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత నగరం ఊరి మీదికి వచ్చింది, చేలు వెంచర్లయ్యాయి, ఎకరం ధర కోట్లకు చేరింది. డబ్బు వచ్చింది. కానీ డబ్బు రావడం వేరు, పెద్దమనిషి కావడం వేరు. పొలం ఉన్నప్పుడు ఎవరు పెద్దో ఊరికి తెలుసు, పంచాయితీకి ఎవరిని పిలవాలో తెలుసు. చుట్టూ కాలనీలు లేచి, పక్కింట్లో ఎవరున్నారో తెలియనప్పుడు ఆ పెద్దరికం ఎక్కడ చూపించాలి? ఏడాదికి ఒక ఉదయం, నిమజ్జనానికి ముందు, టీవీ కెమెరాల ఎదుట దానికి ఒక వేదిక దొరికింది. ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మాస్ 1925లో, ఉత్తర అమెరికా పడమటి తీరంలోని తెగలు చేసే పాట్‌లాచ్ అనే విందు గురించి రాశాడు. తన సంపదను నలుగురి ముందు ఇచ్చేసి, కొన్నిసార్లు పాడుచేసి, ఎదుటివాడికంటే తానే గొప్ప అని చాటుకునే పోటీ అది. బాలాపూర్‌లో పాడుచేయడం లేదు. వేలం డబ్బు ఊరి అభివృద్ధికి, గుడికి ఖర్చు పెడతామని కమిటీ చెబుతుంది, లడ్డూ బంధువులకు, తెలిసినవాళ్లకు పంచుతారు. కానీ సూత్రం దగ్గరదే. 'ఇచ్చాను' అన్నది పది మందికీ తెలిసేలా ఇవ్వాలి.

మెర్టన్ దీనికి రెండు మాటలు ఇచ్చాడు. పైకి ప్రకటించే ప్రయోజనం ఒకటి, ఎవరూ ప్రకటించకుండా జరిగిపోయే ప్రయోజనం ఇంకొకటి. ఇక్కడ పైకి కనబడేది దైవప్రసాదం, ఊరికి నిధులు. కనబడనిది, మారిపోయిన ఊళ్లో ఎవరు ఎవరో మళ్లీ తేల్చుకోవడం. బండ్లగూడ జాగీర్ వైపు ఒక విల్లాల కాలనీలో 2024లో లడ్డూ 1 కోటి 87 లక్షలు పలికింది. అక్కడ చేలు లేవు, పాత ఊరు లేదు. గేటు లోపల ఒకరికొకరు కొత్తవాళ్లైన సంపన్నులు. బాలాపూర్ వివరణను యథాతథంగా అక్కడ అతికించకూడదు. మనం ఒక కాలనీ, ఒక గుంపు అన్న భావన అక్కడ ముందు తయారు కావాలి. పూజ చేసే పని దేవుణ్ని మెప్పించడమే కాదు, గుంపును గుంపుగా నిలబెట్టడం కూడా అని ఫ్రెంచ్ సోషియాలజిస్టు డ్యూర్కైమ్ 1912లో అన్నది అక్కడ ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. ఒకే లడ్డూ, ఒకే పండగ, రెండు వేర్వేరు పనులు. ఎవరి భక్తినీ దీంతో తక్కువ చేయడం లేదు. ఆ వేలం పాట పాడినవాళ్లు దేవుణ్ని నమ్మే పాడతారు.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి, లేకపోతే ఈ సబ్జెక్టు చదివిన కొత్తలో వచ్చే పొగరు మీకూ వస్తుంది.

ఒకటి, ఇది గుంపు గురించి చెబుతుంది, మీ పక్కింటాయన గురించి చెప్పదు. వంద మందిలో ఎంతమంది ఏం చేస్తారో చెప్పగలిగినంత మాత్రాన ఫలానా మనిషి ఏం చేస్తాడో తెలిసినట్టు కాదు. ఇంటిపేరు వినగానే మనిషిని అంచనా కట్టేవాడికి సోషియాలజీ ఇంకో ఆయుధం కాకూడదు.

వివరించడం వేరు, వెనకేసుకు రావడం వేరు. మూసాపేట పెద్దావిడ ఇబ్బంది నాకు అర్థమైంది. ఆ గది దొరక్క ఎక్కువ డబ్బు కట్టి హాస్టల్లో ఉన్న కుర్రాడి ఇబ్బంది దానివల్ల తగ్గలేదు.

'కనబడని ప్రయోజనం' అన్న మాటను అతిగా వాడొద్దు. ఉన్న ప్రతిదానికీ ఏదో ప్రయోజనం ఉందని చెప్పడం మొదలుపెడితే కట్నానికీ, వెట్టికీ కూడా చెప్పేయవచ్చు. ప్రయోజనం అనగానే 'ఎవరికి?' అని అడగండి. సమాజానికి అని జవాబు వస్తే అనుమానించండి, సమాజం అనే పేరుతో రేషన్ కార్డు ఎవరికీ లేదు.

ఇంకోటి, చూసేవాడు ఎక్కడ కూర్చుని చూస్తున్నాడన్నది. ఎమ్.ఎన్. శ్రీనివాస్ అంతటి పెద్దాయన కూడా తాను అధ్యయనం చేసిన మైసూరు గ్రామాన్ని అగ్రకులాల వీధి నుంచే ఎక్కువగా చూడగలిగారు. ఏ ఊరికి సర్వేకు వెళ్లినా మొదట కుర్చీ వేసేది సర్పంచ్ ఇంట్లోనే. ఆ టీ తాగి, ఆ మనిషి వెంట తిరిగితే ఆయన ఊరు కనబడుతుంది, మిగతా ఊరు కనబడదు. మా కుర్రాళ్లకు నేను పెట్టే రూల్, మొదటి రోజు చివరి వీధి నుంచి మొదలుపెట్టమని.

ఇక మీ చదువు సంగతి. మెయిన్స్ మూడో పేపర్ 150 మార్కులది, సమాజంతో పాటు రాజ్యాంగం, పాలన కూడా అందులోనే ఉన్నాయి. కాబట్టి సిద్ధాంతకర్తల పేర్లు పోగేసుకోవడానికి టైమ్ లేదు. నేనైతే ఏ టాపిక్‌కైనా మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోమంటాను: ఈ వ్యవస్థ పైకి చెప్పే పని ఏది, నిజంగా జరుగుతున్న పని ఏది, దానివల్ల లాభపడేదెవరు, నష్టపోయేదెవరు. వాటి పక్కన మీరు కళ్లారా చూసిన ఉదాహరణ ఒకటి. మార్కెట్లో దొరికే నోట్స్ అందరి దగ్గరా ఒకటే కాబట్టి, దిద్దేవాడు వందోసారి అదే నిర్వచనం చదివి అలసిపోయి ఉంటాడు. మీ ఉదాహరణ దగ్గర కాస్త ఆగుతాడు.

చదవడానికి ఒక్క పుస్తకం చెప్పమంటే, ఎస్.సి. దూబే ఉస్మానియాలో ఉండగా 1951-52లో ఒక బృందంతో కలిసి శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో తెచ్చిన 'ఇండియన్ విలేజ్' చదవండి. అప్పుడది నగరానికి దూరాన ఉన్న పల్లె. ఎవరు ఎవరి దగ్గర నీళ్లు తాగుతారు, ఏ కులం ఏ పని చేస్తుంది, పండగలో ఎవరి వంతు ఏది అని ఓపిగ్గా రాశారు. ఇంగ్లిష్ కష్టం కాదు. చదివాక ఒక ఆదివారం సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్ నుంచి కరీంనగర్ రోడ్డు మీద బయల్దేరి శామీర్‌పేటలో దిగండి. ఔటర్ రింగ్ రోడ్డు, లా యూనివర్సిటీ, రిసార్టులు, దగ్గర్లో జీనోమ్ వ్యాలీ. చెరువు మాత్రం ఉంది. పుస్తకంలోని వృత్తుల జాబితా దగ్గర పెట్టుకుని, ఆ పనులు ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, రిసార్టులో గేటు దగ్గర, వంటింట్లో, రిసెప్షన్‌లో ఎవరున్నారో, ఏ ఊరివాళ్లో అడిగి చూడండి. ఇక్కడివాళ్లు ఎంతమంది, బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది అన్నది కూడా రాసుకోండి.

అంత టైమ్ లేకపోతే మీ అపార్ట్‌మెంట్ చాలు. అసోసియేషన్ బైలాస్ ఒక కాపీ తీసుకుని, పనివాళ్లు ఏ లిఫ్ట్ వాడాలి, వాళ్ల బ్యాగులు ఎవరు చూస్తారు, అద్దెకున్నవాళ్లకు ఓటు ఉందా అన్నవి చూడండి. తర్వాత వాచ్‌మన్‌ను అడిగి వాటిలో ఏవి నిజంగా అమలవుతున్నాయో కనుక్కోండి. దాని మీద రెండు పేజీలు రాసి ఇక్కడ పెట్టండి, వీలు చూసుకుని చదివి చెబుతాను. నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకండి.